బకెట్ అడుగున ఆ బొడిపె ఎందుకు?

ప్రశ్న: మా ఇంట్లో ప్లాస్టిక్ బకెట్లన్నిటికీ అడుగున సరిగ్గా నడిమధ్య చిన్న బొడిపె చేతికి తగులుతోంది. అది తయారీలో లోపమా? ఇంత పెద్ద బకెట్‌ను ఎక్కడా అతుకు లేకుండా ఎలా పోస్తారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లోపం కాదు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ప్రవేశించిన ద్వారం అది. బకెట్‌కు బొడ్డు వంటిదనుకోండి.

ఈ పద్ధతిని ఇంజెక్షన్ మౌల్డింగ్ అంటారు. పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్ గుళికలను యంత్రం తొట్టిలో పోస్తే, అవి పొడవాటి గొట్టంలో తిరిగే మర (స్క్రూ)తో పాటు ముందుకు జరుగుతూ, బయటి హీటర్ల వేడికీ లోపలి ఒరిపిడికీ కరుగుతాయి. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దాటాక కరిగినా, అచ్చులోని సన్నని సందుల్లోకి పారాలంటే 200 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అప్పటికీ అది తేనె కంటే ఎంతో చిక్కగా ఉంటుంది కనుక, ఆ మరే ముందుకు దూసుకువచ్చి దాన్ని తీవ్రమైన ఒత్తిడితో అచ్చులోకి నెడుతుంది. హయత్ సోదరులు 1872లో అమెరికాలో పేటెంట్ పొందిన ఈ తరహా తొలి యంత్రంలో మర లేదు, ముషలకం (పిస్టన్) మాత్రమే ఉండేది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఆ తరువాతి ఘట్టం. అచ్చు నిండటానికి కొద్ది సెకన్లే పడుతుంది. మొత్తం సమయంలో సగానికి పైగా చల్లారడానికే పోతుంది. అచ్చు ఉక్కులో తొలిచిన దారుల గుండా నీరు పారుతూ ఆ వేడిని లాగేస్తుంది. చల్లారుతున్న పాలీప్రొపిలీన్ ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది కాబట్టి, అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు. ద్వారం గడ్డకట్టేదాకా ఒత్తిడి సడలకుండా మరికొంత ప్లాస్టిక్‌ను కూరుతూనే ఉంటారు. మందంగా ఉన్నచోట చివరగా చల్లారి పైభాగం లోపలికి గుంటపడుతుంది. అందుకే బలం కోసం గోడను మందం చేయకుండా సన్నని పక్కటెముకల వంటి గీతలు పెడతారు. కుంచించుకున్న బకెట్ లోపలి అచ్చును గట్టిగా పట్టుకుంటుంది. అది సులువుగా ఊడిరావడానికే కింద ఇరుకుగా, పైన వెడల్పుగా చేస్తారు.

ద్వారం నడిమధ్య ఉండటం వలన ప్లాస్టిక్ అన్ని వైపులకూ సమానంగా పాకి, ఇంచుమించు ఒకేసారి అంచును చేరుతుంది. అయితే అతుకు అసలే లేదనలేము. పిడి తగిలించే రంధ్రం దగ్గర ప్రవాహం రెండుగా చీలి, అవతల మళ్ళీ కలుస్తుంది. కాస్త చల్లబడిన రెండు అంచులు కలిసిన ఆ గీత మిగతా గోడంత గట్టిది కాదు. కొనేటప్పుడు అడుగున బొడిపె గురించి దిగులుపడకుండా, ఆ రంధ్రం చుట్టూ మందం సరిపోయినంత ఉందో లేదో తడిమి చూడండి.