రిటైరయ్యాక కాళ్లలో సత్తువ పోయింది... మళ్లీ వస్తుందా?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. హైస్కూలు టీచరుగా పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. ఈ రెండేళ్లలో నాలుగు కిలోలు తగ్గి 62 కిలోలకు వచ్చాను. పూజకు కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతున్నాను. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కొద్దిగా అన్నం, సాంబారు, మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు తింటాను. రిటైరయ్యాక కాశీ, గయ చూసి రావాలని నేనూ నా భార్యా ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాం. ఓపిక వచ్చాక వెళ్దామని వాయిదా వేస్తూ వస్తున్నాను. అందరూ వయసు మీద పడిందంటున్నారు. పోయిన సత్తువ తిరిగి వస్తుందా?

జవాబు: వస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో 90 ఏళ్ల వృద్ధుల చేత ఎనిమిది వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించారు. వారి తొడ కండరాల బలం రెండింతలకు మించి పెరిగింది. ఆ ఫలితాలు 1990లోనే వెలువడ్డాయి. మీకు ఇంకా 64 ఏళ్లే.

మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది వయసు కాదు, బడి. రోజుకు నాలుగైదు గంటలు నల్లబల్ల ముందు నిలబడేవారు, తరగతికీ తరగతికీ నడిచేవారు, మెట్లెక్కేవారు. వ్యాయామమని పేరు పెట్టకపోయినా మీ కాళ్లకు అదే వ్యాయామం. రిటైరైన మరుసటి రోజు నుంచి అది ఒక్కసారిగా ఆగిపోయింది. వాడని కండ కరిగిపోతుంది, 60 దాటాక మరీ తొందరగా. దీన్ని సార్కోపీనియా అంటారు.

అయితే బరువు తగ్గడాన్ని పూర్తిగా దీని ఖాతాలోనే వేయకండి. ముందు మీ డాక్టరు దగ్గరికి వెళ్లి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి, బీ12, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గవచ్చు. దానివల్ల నీరసం, పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలుడు వస్తాయి. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక కూడా బీపీ చూడమనండి. ఆకలి మందగించినా, మలం నల్లగా వస్తున్నా, దగ్గు వదలకున్నా ఆ సంగతి తప్పక చెప్పండి.

ఇక తిండి. షుగర్ భయంతో చాలామంది అన్నం తగ్గిస్తారు. దానితో పాటు పప్పూ గుడ్డూ కూడా తగ్గిపోతాయి, అదే నాకు బాధ. మీ బరువుకు రోజుకు 62 నుంచి 75 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీరు రాసిన భోజనంలో నా లెక్కకు 35 గ్రాములు కూడా లేవు. క్రియాటినిన్ బాగుంటే ఇడ్లీ బదులు పెసరట్టు వేయించుకోండి. మధ్యాహ్నం పలుచని సాంబారు స్థానంలో గట్టిపప్పు, మజ్జిగ స్థానంలో గడ్డపెరుగు, సాయంత్రం గుప్పెడు ఉడికించిన సెనగలు ఉండాలి. గుడ్డు తినేవారైతే రోజూ ఒకటి తినండి, దానిలోనే ఆరు గ్రాములుంటాయి. రాత్రి పుల్కాల్లోకి కూడా పప్పో పనీరో ఉండాలి. కిడ్నీలో తేడా ఉంటే మాత్రం ఎంత తినాలో మీ డాక్టరే నిర్ణయించాలి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వరుసగా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. మీ శ్రీమతిగారు గడియారం చూస్తూ పక్కనే నిలబడాలి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే. ఆ పరీక్షే మీకు మందు కూడా. రోజు విడిచి రోజు పదేసి సార్లు, మధ్యలో ఆగుతూ మూడు విడతలు చేయండి. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, నెల తిరిగేసరికి దిండు తీసేయండి. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడకు చేతులు ఆనించి తోయడం కూడా చేర్చండి. నడక మంచిదే, కానీ నడక ఒక్కదానితో తొడలకు ఈ బలం రాదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరును కలవండి.

కింద నుంచి లేవడానికీ ఒక పద్ధతి ఉంది. పక్కకు తిరిగి చేతులు, మోకాళ్ల మీదికి రండి. ఒక మోకాలు నేల మీదే ఉంచి, రెండో పాదం ముందుకు ఆనించండి. ఎదురుగా ఉన్న కుర్చీ మీద చేతులు మోపి, ముందున్న కాలితో నేలను తొక్కుతూ లేవండి. రోజూ పూజయ్యాక ఇలాగే లేవండి, ఎవరినీ చెయ్యి అడగకండి.

కాశీ సంగతి. ఓపిక వచ్చాక వెళ్దామని ఆగినవాళ్లను చాలామందిని చూశాను. ఒకరికి ఓపిక వచ్చేసరికి తోడు రావాల్సిన మనిషి మంచాన పడ్డారు. మీరు అలా ఆగవద్దని గట్టిగా చెబుతున్నాను. పరీక్షల్లో ఇబ్బందేమీ లేకపోతే ఐదారు నెలల తర్వాత ఒక తేదీ ఖాయం చేసుకోండి. ఎండాకాలం వద్దు, అక్కడ వేడి తీవ్రం. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు రైళ్లు ఆలస్యమవుతాయి. ఫిబ్రవరి బాగుంటుంది. గంగ దగ్గరికి దిగే ఘాట్ల మెట్లు నిటారుగా ఉంటాయి, పైగా తడి. అక్కడ దిగి ఎక్కేది ఈ తొడలతోనే.

మూడు నెలలయ్యాక కుర్చీ పరీక్ష మళ్లీ చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో నాకు రాయండి. మీ శ్రీమతిగారి లెక్క కూడా రాయండి. ఆమె చేసేటప్పుడు గడియారం మీరు పట్టుకోండి.