పాత జీపు ఇంట్లో బాగుచేసుకుంటున్న అల్లుడికి

చిరంజీవి వాసుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మహీంద్రా ఎమ్మెమ్ 540 జీపు ఫొటోలన్నీ చూశాను. అల్లూరు వైపు రొయ్యల గుంటల కట్టల మీద తిరిగిన బండి అన్నావు కాబట్టి ఉప్పు దాన్ని ఎక్కడెక్కడ తినుంటుందో చూడకముందే చెప్పొచ్చు. దాని సంగతి తర్వాత. ముందు ఒక్క మాట గట్టిగా మనసులో పెట్టుకో. బండి మొత్తం ఒకేసారి విప్పెయ్యొద్దు.

ఇంట్లో మొదలైన జీపులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. బాడీ గోడకు ఆనించి ఉంటుంది, ఇంజను గోనెసంచి కింద ఉంటుంది, బోల్టులన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఆరు నెలలు పోయాక ఏది దేనిదో తెలీదు, చివరికి పాత ఇనుము వాడు తూకానికి పట్టుకుపోతాడు. బండి ఎప్పుడూ తన చక్రాల మీద తోస్తే కదిలేట్టు ఉండాలి. ఒక భాగం విప్పు, బాగుచెయ్యి, బిగించు, ఆ తర్వాతే రెండోదాని జోలికి పో. బ్రేకులు, స్టీరింగు, ముందూ వెనకా హౌసింగులు (ఇరుసూ దాని పళ్లచక్రాలూ ఉండే ఇనప గుల్లలు), ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచే పెట్టె), ఇంజను, రేకు పని, అన్నీ అయ్యాక రంగు. ఈ వరస మార్చొద్దు. విప్పేముందు ప్రతి జాయింటుకీ రెండు వైపుల నుంచి ఫొటో తీసుకో. బోల్టులను వాటి బొక్కల్లోనే రెండు చుట్లు తిప్పి ఉంచు. అలా కుదరనివి చిన్న కవర్లో వేసి చీటీ రాసి పెట్టు.

పానా పట్టకముందు కాగితాలు చూడు. ఛాసిస్ మీద కొట్టిన నంబరును వైరుబ్రష్షుతో శుభ్రం చేసి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చు. ఇంజను నంబరు కూడా అంతే. ఈ జీపులకు ఇంజన్లు మార్చేసిన వాళ్లు చాలామంది. మార్చిన ఇంజను ఆర్‌సీలో ఎక్కకపోతే రెన్యువల్ దగ్గర ఇరుక్కుంటావు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రెన్యువల్ ఐదేళ్లకోసారి ఉంటుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన 50 ఏళ్లు దాటిన బండ్లకే. నీది 1980ల తర్వాతి మోడలు, దాన్ని నమ్ముకోవద్దు.

ఇంకొకటి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. సిమెంటు ఇటుకలు అసలు పెట్టొద్దు, అవి పగలబోతున్నట్టు ముందుగా ఏ గుర్తూ ఇవ్వవు. ఇనప స్టాండ్లు కొను, లేదా పాత రైలు స్లీపరు చెక్కలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చు. ఆనించే చోటు ఛాసిస్ అయినా కావాలి, హౌసింగు అయినా కావాలి. స్టాండు మీద పెట్టాక గట్టిగా ఊపి చూసి ఆ తర్వాతే కిందికి వెళ్లు.

బ్రేకులతో మొదలుపెట్టు. పాత జీపుల్లో చాలావాటికి మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే బ్రేకు ఆయిల్ను పైపుల్లోకి తోసేది) ఒకే లైనుది. ఏ ఒక్క చక్రం దగ్గర పైపు చిట్లినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే తుప్పు మచ్చ కనపడిన పైపు ఏదీ ఉంచొద్దు. వీల్ సిలిండర్ల లోపలి గోడ గోటికి గరుకుగా తగిలితే కొత్తవి వెయ్యి, ఎమరీతో రుద్ది సరిపెట్టుకోవద్దు. రబ్బరు కప్పులను పెట్రోలుతో గానీ డీజిలుతో గానీ కడిగితే ఉబ్బిపోతాయి. వాటికి బ్రేకు ఆయిలే వాడాలి. డ్రమ్మును లేతుకిచ్చి తిప్పించొచ్చు, కానీ అసలు వ్యాసం మీద 1.5 మిల్లీమీటర్లు దాటితే పారెయ్యడమే. వెనక లైనింగుల మీద గేరాయిల్ కనపడితే సీలు మార్చేసి ఊరుకోకు. హౌసింగు మీద లోపలి గాలి పోవడానికి చిన్న బ్రీదరు ఉంటుంది. అది బురదతో మూసుకుంటే లోపల వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్ను సీలులోంచి బయటికి తోస్తుంది. బ్రీదరు శుభ్రం చెయ్యకపోతే కొత్త సీలు కూడా నెలకే కారుతుంది. బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న వెనక ఎడమతో మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో రా.

స్టీరింగుకు నీ పక్కన ఒక మనిషి కావాలి. చక్రాలు నేల మీద ఉండగానే అతను స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే నువ్వు కింద ప్రతి బాల్ జాయింటు మీదా వేళ్లు పెట్టి చూడు. ఎక్కడ అరుగుదల ఉందో వేలికే తెలుస్తుంది. నలభై, యాభై వేగంలో ముందు చక్రాలు గడగడా వణికితే మెకానిక్ స్టీరింగు డాంపరు (వణుకును అణిచే షాక్ అబ్జార్బరు) వెయ్యమంటాడు. అది జబ్బును కప్పెట్టడమే. అసలు కారణం సాధారణంగా కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన మేకు) బేరింగులో ఉంటుంది. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట ఉంటే ముందు వీల్ బేరింగు బిగించి మళ్లీ చూడు, అప్పటికీ ఆడితే కింగ్‌పిన్. పైనున్న మూత కింద పలుచని షిమ్ములు ఉంటాయి, వాటిలో కొన్ని తీస్తే బేరింగు బిగుస్తుంది. నకల్ (కింగ్‌పిన్ మీద తిరిగే దిమ్మ) చేతికి కొంచెం బరువుగా, కానీ ఎక్కడా పట్టకుండా తిరగాలి. వీల్ బేరింగు అయితే చక్రం తిప్పుతూ లోపలి నట్టును పట్టేదాకా బిగించి, చుట్టులో ఆరో వంతు వదులు చెయ్యి. తర్వాత లాక్ వాషరు, ఆపైన బయటి నట్టు. ముందు చక్రాల టో-ఇన్ (ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే తేడా) రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంచు. పాత జీపుల్లో కొన్నిటికి ఎడమవైపు వీల్ నట్లకు మరలు ఉల్టాగా ఉంటాయి. స్టడ్డు చివర ఎల్ అక్షరం ఉందేమో చూడకుండా టామీ రాడ్డు మీద బలం పెట్టొద్దు, తెగుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మామూలు బండి నుంచి వేరుచేసే పని ఇప్పుడు చెప్పేదే. చాలామంది దీన్నే వదిలేస్తారు. ముందు హౌసింగులోనూ వెనక హౌసింగులోనూ క్రౌను (పెద్ద పళ్లచక్రం), దాన్ని తిప్పే పినియన్ (చిన్నది), వీటి పళ్ల రేషియో ఒకటే ఉండాలి. ఈ జీపులు ఇన్నేళ్లలో ఎన్ని ఆటోనగర్లు తిరిగాయో తెలియదు. వెనకది విరిగినప్పుడు దొరికింది తగిలించేసి ఉంటారు. టూ వీల్‌లో నడిపినంతకాలం ఏమీ తెలీదు. 39 పళ్ల క్రౌనుకు 8 పళ్ల పినియన్ ఉంటే 4.88, 43కు 8 ఉంటే 5.38. ముందొకటి వెనకొకటి ఉంటే దాదాపు పది శాతం తేడా. ఫోర్ వీల్ వెయ్యగానే ముందు చక్రాలూ వెనక చక్రాలూ అడుగడుగునా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. టైరు జారడానికి ఇసుక లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లే పోతాయి.

విప్పకుండానే తెలుసుకోవచ్చు. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టి, వెనక ఎడమ చక్రం ఒక్కటీ లేపు, కుడిది నేల మీదే ఉంచు. గేరూ ట్రాన్స్‌ఫరూ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వదులు. టైరు మీదా ప్రొపెల్లర్ షాఫ్టు (ట్రాన్స్‌ఫర్ నుంచి హౌసింగుకు వచ్చే పొడుగు రాడ్డు) మీదా సుద్దముక్కతో గీత పెట్టు. టైరును సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోదాని తిరుగుడులో సగమే క్రౌనుకు చేరుతుంది, అందుకే రెండు చుట్లు. ఐదుకు కాస్త తక్కువలో ఆగితే 4.88, ఐదు దాటి మూడో వంతు పైన పోతే 5.38. తర్వాత వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ట్రాన్స్‌ఫర్‌ను టూ వీల్‌లో ఉంచి, ముందువైపు కూడా ఇలాగే చూడు. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసేవి) ఉంటే లాక్ చేసి తిప్పు. రెండూ కలవకపోతే నీ బండి డబ్బులో మొదటి భాగం దీనికే పోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో వెతుకు, మద్రాసు పుదుప్పేట కూడా మనకు దగ్గరే. క్రౌనూ పినియనూ జతగానే కొను. విడివిడిగా దొరికినవి ఎంత కొత్తగా మెరిసినా కూత పెడతాయి.

రేషియో కలిసినా టైర్లు కలవకపోతే అదే నష్టం. నాలుగు టైర్ల చుట్టుకొలతా టేపుతో చూడు, తేడా అర అంగుళం దాటకూడదు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గుంటల దగ్గర ఎండలో నిలిచిన టైరు గాట్లు లోతుగానే కనపడతాయి గానీ పక్కగోడ చిట్లి ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ కేసు నడుస్తూ నడుస్తూ న్యూట్రల్‌లోకి దూకుతుంటే వెంటనే గేర్లు మార్చకు. లివరు రాడ్డు మీద గాటులో కూర్చునే చిన్న గోలీ, దాని వెనక స్ప్రింగు చూడు. స్ప్రింగు కుంగిపోయినా గాటు అరిగినా అలాగే దూకుతుంది. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. అది బాగుంటే అప్పుడు షాఫ్టు బేరింగులు, ఇంటర్మీడియట్ షాఫ్టు. హౌసింగులకు 90 నంబరు గేరాయిల్ పొయ్యి, ఫిల్లరు బొక్కలో వేలు పెడితే ఆయిల్ తగిలేదాకా. గేరుబాక్సుకు మాత్రం డబ్బా మీద జీఎల్-4 అనే గ్రేడు రాసి ఉన్నదే. జీఎల్-5లో కలిపే గంధకపు మందు గేరు సాఫీగా పడేట్టు చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తుంది. గేరుబాక్సులో ఆయిల్ తగ్గి ట్రాన్స్‌ఫర్‌లో పెరుగుతుంటే రెంటి మధ్య సీలు పోయిందని అర్థం. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి బిగించేటప్పుడు స్లిప్ జాయింటు (ఒకదాన్లో ఒకటి జారే అతుకు) మీది బాణం గుర్తులు ఎదురెదురుగా రావాలి. గుర్తులు చెరిగిపోతే రెండు చివర్ల యోకులూ (క్రాసు జాయింటును పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరసలో ఉండేట్టు చూడు. ఒక పన్ను తప్పినా క్రాసులు త్వరగా పోతాయి.

ఇంజను గురించి తక్కువే చెప్తాను. తిరుగుతున్న ఇంజన్ను ఊరికే విప్పొద్దు. ఆయిల్ పాలకోవా రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, హెడ్డు దించక తప్పదు. దించితే హెడ్డు ప్లెయిన్‌గా ఉందో లేదో లేతులో చూపించు. పొద్దున స్టార్టు కాక సతాయిస్తే హీటర్ ప్లగ్గులు ఒక్కొక్కటే పరీక్షించు. మనకు చలి లేదు కదా అనుకోవద్దు. ఈ ప్యూజో డీజిల్ ఇంజన్లో మంట పుట్టేది చిన్న గదిలో, ఆ గది గోడలే వేడిని లాగేస్తాయి, అందుకే ప్లగ్గు కావాలి. ఇంజెక్టర్లు డీజిల్ పంపులు బాగుచేసే షాపులో పరీక్షకివ్వు. ఆ పంపు సీలు మాత్రం నువ్వు ముట్టొద్దు. రేడియేటరు బాగుచెయ్యకుండా మే నెలలో రోడ్డెక్కొద్దు.

ఇక తుప్పు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడువు. కమాన్ (పట్టీల స్ప్రింగు) హ్యాంగర్ల దగ్గర, వెనక క్రాస్ మెంబరు (ఛాసిస్ అడ్డ కమ్మీ), బాడీ కింద రబ్బరు దిమ్మలు కూర్చునే చోట్లు, డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరు, ఇవే దెబ్బతినే చోట్లు. ఉప్పు మీద రంగు వేస్తే రంగు కిందే పని చేసుకుపోతుంది. కాబట్టి ముందు మంచినీళ్లతో, ఛాసిస్ డబ్బాల లోపలికి కూడా పైపు పెట్టి, రెండు మూడు రోజులు మార్చి మార్చి కడుగు. తర్వాత బాగా ఆరనివ్వు. మీ బోరు ఉప్పుబోరైతే ట్యాంకరు తెప్పించు. ఛాసిస్‌కు అతుకు వేస్తే ముక్క చివర్లు కోసుగా ఉండాలి. ఛాసిస్‌కు అడ్డంగా తిన్నగా వెల్డింగు గీస్తే సరిగ్గా ఆ గీత మీదే విరుగుతుంది.

ఫ్లోరుకు 16 గేజి, పక్కలకు 18 గేజి రేకు అడుగు. షాపువాడు చూపించే పలుచటి జీఐ (జింకు పూత) రేకు వద్దు. వెల్డింగులో దాని జింకు పొగ ఒంటికి చేటు, పైగా మనిషి బరువుకు కుంగుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు తీసెయ్యి, డీజిల్ ట్యాంకు దించెయ్యి. ఒక అంగుళం ఇక్కడ, ఒక అంగుళం దూరంగా అక్కడ, చల్లారనిచ్చి మళ్లీ. వరసగా కొట్టుకుపోతే రేకు పాపడంలా ముడుచుకుంటుంది. లాంబీ (సొట్టలు పూడ్చే ముద్ద) మూడు మిల్లీమీటర్లు దాటితే అక్కడ డెంటింగు సరిగా కాలేదని లెక్క. ఫ్లోరులో నీళ్లు పోయే బొక్కలు మూసెయ్యొద్దు.

చిన్న సామాన్ల తుప్పుకు ప్లాస్టిక్ తొట్టిలో పది లీటర్ల నీళ్లకు యాభై గ్రాముల చాకలిసోడా కలుపు. బ్యాటరీ చార్జరు మైనస్ నీ సామానుకు, ప్లస్ పాత ఇనప ముక్కకు తగిలించి ఒక రాత్రి వదులు. ఇనప ముక్క బదులు స్టీలు గిన్నె వాడొద్దు, నీళ్లు విషమవుతాయి. మండే గ్యాసు వస్తుంది కాబట్టి బయట, గాలి ఆడేచోట పెట్టు. కమాన్ పట్టీలకూ స్టీరింగు సామాన్లకూ ఈ పద్ధతి వద్దు.

రంగు జనవరి నుంచి మార్చి లోపు పెట్టుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తేమకు రంగు తెల్లబారుతుంది. మే ఎండకు థిన్నరు గాలిలోనే ఆరిపోయి గరుకు తేలుతుంది. కావలి గాలికి బోడి ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది, అందుకే రుద్దిన రోజే ఎపాక్సీ ప్రైమరు పడాలి. పైన సింథటిక్ ఎనామిలు చాలు. హార్డెనరు కలిపే పీయూ (పాలియురేథేన్) రంగుల పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగదు. అదే కావాలంటే బూత్ ఉన్న షాపుకివ్వు.

ఫోర్ వీల్ మొదటిసారి పెన్నలో ఇసుక మీదే వేసి చూడు, తారు రోడ్డు మీద వద్దు. ఇసుకలో టైర్ల గాలి 18 పీఎస్‌ఐకి దించు, రోడ్డెక్కేముందు మళ్లీ పట్టించు. లివరు ఇరుక్కుపోతే బలంగా లాగకుండా కొంచెం వెనక్కి నడుపు, వదులవుతుంది. సముద్రపు నీళ్లలోకి దించొద్దు, ఇంత కష్టపడి కడిగిన ఉప్పు మళ్లీ ఎక్కుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక కమాన్ యూబోల్టులు, ప్రొపెల్లర్ బోల్టులు, వీల్ నట్లు అన్నీ మళ్లీ బిగించు. హౌసింగుల ఆయిల్ దించి వేళ్ల మధ్య రుద్ది చూడు. బూడిదలాంటి పొడి మామూలే, ముక్కలు తగిలితే బండి ఆపెయ్యి.

ఈ ఆదివారం ముందు రేషియో లెక్క చూసి రెండు అంకెలూ నాకు ఫోన్‌లో చెప్పు. అప్పటిదాకా ఏ సామానూ కొనొద్దు.

ఆశీస్సులతో,
మామయ్య