ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎంఎస్ అప్లికేషన్లు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ అయ్యాక గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగంలో చేరింది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లోనే బ్యాంకు పనులు, ఆధార్, పాన్ స్కాన్లు, అమెరికాలో ఎంఎస్‌కి అప్లికేషన్లు అన్నీ చేసుకుంటోంది. అదేమంటే, 'ఇన్‌కాగ్నిటోలో చేస్తున్నా నాన్నా, ఎవరికీ తెలియదు' అంటోంది. నిజమేనా? వేరే ల్యాప్‌టాప్ కొనివ్వాలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నిజం కాదండీ. ఇన్‌కాగ్నిటో విండో మూసేస్తే ఆ బ్రౌజర్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. ఏ సైట్‌కి వెళ్లిందో, ఏ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిందో కంపెనీ వీపీఎన్‌కి (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే దారికి), ముందే వేసి ఇచ్చిన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి తెలిసే వీలుంది. ఎవరో కూర్చుని మీ అమ్మాయినే గమనిస్తారని కాదు. లాగ్స్, అంటే ఏం చేశారో నమోదైన రికార్డులు ఉంటాయి, అవసరం పడితే తీస్తారు. చేరిన రోజు సంతకం పెట్టిన ఐటీ పాలసీలో సాధారణంగా ఈ సంగతి ఉంటుంది. దాన్ని చదివేవాళ్లే తక్కువ.

ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాస్తవమే. కానీ 2023 డేటా రక్షణ చట్టంలోని సెక్షన్ 7, ఉద్యోగ అవసరాలకూ కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికీ ఉద్యోగి డేటాను సమ్మతి అడక్కుండానే వాడుకోవడానికి వీలిచ్చేలా ఉంది. చట్టం ఉందిగా అన్న ధీమా వద్దు.

నన్నడిగితే నిఘా కంటే ఉద్యోగం మానేసే రోజుతోనే ఎక్కువ చిక్కు. రాజీనామా అయినా, లేఆఫ్ అయినా లాగిన్ ఆపేస్తే ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటోందో యూనివర్సిటీకి రాసే వ్యాసం) డ్రాఫ్టులు, స్కాన్లు అన్నీ అందులోనే ఉండిపోతాయి. యూనివర్సిటీ అకౌంట్లు ఆఫీసు మెయిల్‌తో తెరిచి ఉంటే అడ్మిషన్ లెటర్ కూడా అక్కడికే వెళ్తుంది. వాటికీ, పీఎఫ్ నంబరు యూఏఎన్‌కీ, లింక్డ్‌ఇన్‌కీ సొంత మెయిల్ ఇచ్చిందో లేదో ఈ వారమే చూసుకోమనండి. పేస్లిప్పులు, ఫారం 16 కూడా ఎప్పటికప్పుడు సొంత ఫోన్‌లోకి దించుకోవాలి.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. ఆఫీసు క్రోమ్‌లో సొంత జీమెయిల్‌తో సింక్ ఆన్ చేస్తే ఇంట్లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లూ అక్కడికి వచ్చేస్తాయి. సింక్ తీసేసి, బ్యాంకు పాస్‌వర్డ్ సొంత ఫోన్ నుంచి మార్చుకోవాలి. వాట్సాప్ వెబ్ వాడుతుంటే ఫోన్‌లో లింక్డ్ డివైజెస్‌కి వెళ్లి లాగౌట్ చేయాలి.

కంగారుపడి అన్నీ ఒకేసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయొద్దు, డేటా బయటికి పోతోందని సెక్యూరిటీ టీమ్‌కి అలర్ట్ వెళ్లొచ్చు. ఆధార్, పాన్ డిజీలాకర్‌లో మళ్లీ దొరుకుతాయి. కాలేజీ నుంచి వచ్చిన కాగితాలు పాత మెయిల్స్‌లో వెతికితే సరి. ఎస్‌ఓపీ ఒక్కటే మిగులుతుంది, రెండు పేజీలు మళ్లీ టైప్ చేసుకుంటే పోయేదేం లేదు. ఆ తర్వాత తన ఫైళ్లు మాత్రమే చెరపాలి, ఆఫీసువి ఒక్కటీ ముట్టుకోకూడదు.

కొనడానికి తొందరేం లేదు. బీటెక్‌లో వాడిన ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) వేయించండి, అప్లికేషన్లకు సరిపోతుంది. కాకపోతే విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, విండోస్ 11 ఎక్కుతుందో లేదో షాపులో ముందే అడగండి.