160 డిస్క్ తీసేసి 203 వేయిస్తే ఈ-సైకిల్ బ్రేకు బాగా పడుతుందా?

మీ సైకిల్‌కి కంపెనీ 160 ఎంఎం వ్యాసం ఉన్న బ్రేకు డిస్క్‌లు ఇచ్చిందనీ, 203 వేయిస్తే బ్రేకు గట్టిగా పడుతుందా అనీ అడిగారు. పడుతుంది. కానీ మీరు ఆశిస్తున్నంత కాదు. 160 నుంచి 203కి వెళ్తే లెక్క ప్రకారం పట్టు పావు వంతు పైచిలుకు పెరుగుతుంది, అంతే. పెద్ద డిస్క్ వల్ల అసలు లాభం వేడి దగ్గర. ఆ సంగతి నాకు అనంతగిరి ఘాట్ రోడ్డులో తెలిసొచ్చింది.

మాది విశాఖ. నాది వెనక చక్రంలో మోటారున్న సైకిలు, 250 వాట్లు. లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేని రకం. బ్రేకులు తీగతో లాగేవి, రెండు చక్రాలకీ 160 డిస్క్‌లే. మామూలు గేరు సైకిలుకి వేసే సామానే బిగించి, పైన మోటారూ బ్యాటరీ తగిలించి అమ్మేశారన్నమాట. సైకిలు పాతిక కిలోలు, నేను 85, సంచీ పది. మొత్తం 120 కిలోలు.

ఓ ఆదివారం తమ్ముడు కారులో తీసుకెళ్ళి అరకులో దింపాడు. శృంగవరపుకోట దాకా సైకిల్ మీద వస్తానని గొప్పలు పోయాను. గాలికొండ వరకూ మోటారు బాగానే లాక్కెళ్ళింది. అక్కణ్ణుంచి దిగుడే దిగుడు. కాఫీ తోటలూ మిరియాల తీగలూ చూసుకుంటూ, భయానికి ముందు బ్రేకు వదలకుండా పట్టుకునే దిగాను. నేను చేసిన తప్పు అదే. నాలుగైదు మలుపులు తిరిగేసరికి లారీ క్లచ్ ప్లేటు కాలినట్టు వాసన. లారీ ఏదైనా వెనకొస్తోందేమోనని తిరిగి చూశాను కూడా. లారీ లేదు, గీరీ లేదు. ఆ తర్వాతి మలుపులో లీవరు నొక్కితే హ్యాండిల్‌కి ఆనుకుంది గానీ సైకిలు ఆగలేదు. ఎదురుగా ఆర్టీసీ బస్సు. వెనక బ్రేకు నొక్కి, చెప్పు రోడ్డుకి రాసుకుంటూ, కొండవైపు కాలవలోకి దించేశాను. మోచెయ్యి చీరుకుపోయింది. బస్సు డ్రైవరు ఏదో అన్నాడు, వినపడకపోవడమే మంచిదైంది.

అక్కడికి దగ్గర్లోనే బొంగులో చికెన్ అమ్మే ఆవిడ ఉంది. పొగ చూసి వచ్చి, 'సైకిలు మాడిపోనాదేటి బాబూ?' అంది. నేను తెలివిగా సీసాలో నీళ్ళు డిస్క్ మీద పోశాను. పెనం మీద చల్లినట్టు చుయ్యిమంది. చల్లారాక చూస్తే డిస్క్ అంచు నెమలికంఠం రంగు తిరిగింది, పైగా వంకరపోయింది. చక్రం తిప్పితే ప్రతి చుట్టుకీ ఓసారి చర్రుమంటుంది. కాలిన డిస్క్ మీద నీళ్ళు పొయ్యకండి. పక్కన కూర్చుని ఓ టీ తాగండి, అదే చల్లారుతుంది.

తర్వాత కాగితం మీద లెక్కేసుకున్నాను. 120 కిలోల బరువు వంద మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడికి రెండు గ్లాసుల నీళ్ళు సలసలా కాగుతాయి. గాలి కొంత ఆపుతుందనుకున్నా, నాలాగా నెమ్మదిగా దిగేవాడి విషయంలో అందులో ముప్పాతిక పైన ఆ పల్చటి డిస్క్ రేకూ, దాన్ని నొక్కే బొటనవేలంత ప్యాడ్లే మొయ్యాలి. పెద్ద డిస్క్‌కి ఇనుమూ ఎక్కువ, గాలి తగిలే చోటూ ఎక్కువ. అందుకే అది కొండ దిగేవాడికి కావాలి. బీచ్ రోడ్డులో ఐస్‌క్రీమ్ తినడానికి వెళ్ళేవాడికి 203 ఎందుకండీ?

ఇక నేను వేయించింది 203 కాదు, 180. నా ఫోర్క్‌కి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే చీలికకి, 180 దాటొద్దని దాని మాన్యువల్‌లోనే ఉంది. మీదీ ముందు అది చూసుకోండి. దాటితే కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగం) లాగే బలానికి ఫోర్క్ కాలు మీద మరీ ఎక్కువ భారం పడుతుంది. వెనక నేను 160 మార్చలేదు. ఆపే పని చాలావరకు ముందు చక్రానిదే, వెనక డిస్క్ మీద డబ్బు దండగ అని నా గట్టి నమ్మకం.

నాకు నిజంగా తేడా తెలిసింది తీగ బ్రేకులు పీకేసి షిమానో కంపెనీ ఆయిల్ బ్రేకులు, అంటే తీగ బదులు నూనె ఒత్తిడితో పట్టేవి, వేయించాకే. చవక తీగ బ్రేకుల్లో ఒకవైపు ప్యాడే కదిలి, డిస్క్‌ని అవతలి ప్యాడ్ మీదకి వంచుతుంది. ఆయిల్ దాంట్లో రెండువైపులా సమానంగా పట్టుకుంటుంది, రెండు వేళ్ళు చాలు. కాలిపర్‌ని ఫోర్క్‌కి బిగించే అడాప్టర్ ముక్క మాత్రం డిస్క్ సైజుకి సరిగ్గా సరిపోయేదే అడగండి. 200, 203 ఒకటేలే అంటారు షాపుల్లో. కాదు. చక్రం మధ్య నుంచి కొలిస్తే వచ్చే ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాకే ప్యాడ్ డిస్క్ మీద సరిగ్గా కూర్చోదు. నేను చేసిన ఇంకో ఘనకార్యం, మెటల్ ప్యాడ్లు కొనేశాక డిస్క్ మీద 'రెజిన్ ప్యాడ్ ఓన్లీ' (మెటల్ కాని మెత్తటి ప్యాడ్లే వాడాలి) అని చెక్కి ఉండటం చూడటం. ఆ ప్యాడ్లు ఇంకా సొరుగులోనే ఉన్నాయి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఈ-సైకిళ్ళతో వచ్చే పాత లీవర్లలో చిన్న స్విచ్ ఉంటుంది, బ్రేకు నొక్కగానే మోటారు ఆగిపోవడానికి. మా మెకానిక్ లీవర్లు మార్చి, ఆ వైర్లు పుటుక్కున కత్తిరించి, టేపు చుట్టేశాడు. ఇంటికొస్తూ సిగ్నల్ దగ్గర బ్రేకు పట్టుకుంటే, నేను ఆపుతున్నాను, మోటారు తోస్తోంది! ముందున్న ఆటో బంపర్‌ని ముద్దు పెట్టుకున్నాను. అడిగితే 'అదంత అవసరం లేదు సార్' అన్నాడు. తర్వాత లీవరుకి అంటించే మాగ్నెట్ సెన్సార్ తెప్పించి నేనే పెట్టుకున్నాను. మీరు పని చేయిస్తుంటే పక్కనే నిలబడండి.

కొత్త ప్యాడ్లు వేసిన రోజు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, చక్రం లాక్ అవ్వకుండా నెమ్మదించడం ఓ ఇరవై సార్లు చెయ్యండి. అప్పుడే పట్టు వస్తుంది.

ఇంత చేసి, మొన్న దసరాకి వాహన పూజని మా అమ్మ సైకిల్‌కీ బొట్లు పెట్టింది. హనుమంతుడి సింధూరం నూనెలో కలిపి, సరిగ్గా డిస్క్ మీదే మూడు బొట్లు. నేను చూసుకోకుండా వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. పిల్లిని తొక్కినట్టు కీచుమంది. డిస్క్‌ని స్పిరిట్‌తో తుడిచాను గానీ, నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికి రాలేదు, పారేశాను. మడ్‌గార్డ్ మీద పెట్టొచ్చు కదమ్మా అంటే, 'ఆపేది అదే అన్నావుగా, అందుకే దానికే పెట్టాను' అంది.