కాజీపేట నుంచి ఓయూకి పీహెచ్‌డీ కోసం రోజూ వెళ్లి రావచ్చా?

కాజీపేటలో కాపురం, ఇంట్లో మూడేళ్ల పాప, ఉస్మానియాలో పీహెచ్‌డీ సీటు. హైదరాబాద్ మారకుండా రోజూ వెళ్లి రావడం అయ్యే పనేనా అని అడిగారు. నేను 2021 నుంచి నాలుగేళ్లు అదే దారిలో తిరిగాను, మొదలుపెట్టేనాటికి మా బాబుకీ మూడేళ్లే. తిరగొచ్చు. కానీ రోజూ మాత్రం వద్దు.

ముందు దారి సంగతి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ అయితే రెండు, రెండున్నర గంటలు, అన్నిచోట్లా ఆగే బండైతే మూడు దాటుతుంది. దిగాక సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే తార్నాక, అక్కడి నుంచి క్యాంపస్‌లోకి ఆటో. మా ఇంటి గడప నుంచి డిపార్ట్‌మెంట్ మెట్ల దాకా మూడున్నర గంటలు పట్టేది, అంటే రానూపోనూ ఏడు. 150 కిలోమీటర్ల లోపే కాబట్టి నెలవారీ సీజన్ పాస్ ఇస్తారు, విడిగా టికెట్లు కొనడంతో పోలిస్తే బాగా చవక. కాకపోతే రిజర్వేషన్ బోగీలో అది చెల్లదు, సూపర్‌ఫాస్ట్ బండికి అదనంగా కట్టాలి. బస్సైతే హన్మకొండలో ఎక్కి ఉప్పల్‌లో దిగి మెట్రో అందుకోవాలి. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు జీరో టికెట్టే, కానీ బస్టాండ్‌లోనే ఎక్కండి, దారిలో చెయ్యెత్తితే ఉప్పల్ దాకా నిలబడాల్సి రావచ్చు.

డబ్బులు, దూరం ఎలాగో సర్దుకున్నాయి. నేను మోసపోయింది ఇంకో లెక్కలో. రోజుకు ఐదు గంటలు రైల్లోనే ఉంటాను కదా, చదువుకోవచ్చు, ఒక చాప్టర్ అక్కడే రాసేయొచ్చు అనుకున్నాను. నాలుగున్నరకు లేచి, వంట చేసి, బాబుకి బట్టలు తీసిపెట్టి, పరిగెత్తి బండెక్కిన మనిషికి జనరల్ బోగీలో రాత సాగదండీ. ముందు జనగామ దాకా సీటే దొరకదు, దొరికాక ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిస్తే ఆలేరు వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. ఆరు నెలల్లో పట్టుమని పది పేజీలు రాలేదు. దయచేసి ఆ గంటలను మీ రాత లెక్కలో వేసుకోకండి.

రైల్లో నాకు కుదిరిన పని ఒకటే, వినడం. నా టాపిక్ పొదుపు సంఘాల ఆడవాళ్ల అప్పులు, స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్వ్యూలు రికార్డ్ చేసుకున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ అరచేతి సైజు నోట్‌బుక్‌లో నిమిషం, సెకను వేసుకునేదాన్ని: "14:20, మిత్తి సంగతి, ఇంటాయనకు చెప్పలేదు." కుదుపులకు అక్షరాలు వంకర్లు పోయేవి కానీ, ఇంటికెళ్లి టైప్ చేసేటప్పుడు గంటసేపు రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి వినాల్సిన పని ఉండేది కాదు. అలా దాదాపు నలభై ఇంటర్వ్యూలు రైల్లోనే ఒక కొలిక్కి వచ్చాయి.

రెండో నష్టం లేటుగా తెలిసింది. సాయంత్రం బండి కోసం మూడింటికల్లా బ్యాగ్ సర్దేసేదాన్ని. అసలు మాటలన్నీ నాలుగింటికి టీ దగ్గరే నడిచేవి: ఆర్నెల్ల రిపోర్ట్ ఎలా రాయాలి, ఏ జర్నల్‌కి పంపితే బాగుంటుంది, గైడ్ ఈ వారం ఖాళీగా ఉన్నారా లేదా. అవేవీ నాకు తెలిసేవి కావు. ఒకసారి పదకొండింటికి రివ్యూ ప్రెజెంటేషన్ ఉంటే రైలు ఊరి బయట ఆగిపోయింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి పన్నెండు దాటింది, కమిటీ వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ రోజు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అదే సాయంత్రం బండిలో, రోజూ మాతో వచ్చే ఒక అక్క ఒళ్లో కవరు పరుచుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నా మొహం చూసి అడిగింది. చెప్పాను. "రోజూ గిట్ల తిరిగితె పానం ఏమైతది బిడ్డా, వారంల రెండు రాత్రులు ఆడనే ఉండరాదు" అంది. నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, నాకై నాకు తట్టనూ లేదు. ఉంటే పూర్తిగా హైదరాబాద్‌లో ఉండాలి, లేదంటే రోజూ ఇంటికి రావాలి, అంతే అనుకున్నాను.

తర్వాతి నెల నుంచి హబ్సిగూడలో స్నేహితురాలి గదిలో అద్దె పంచుకున్నాను. మంగళవారం తెల్లవారుజామున వెళ్లడం, గురువారం రాత్రికి ఇంటికి రావడం. ఆ మూడు రోజులు చీకటి పడేదాకా డిపార్ట్‌మెంట్‌లోనే, సోమ శుక్రవారాలు ఇంట్లో రాత. ఈ రోజులు గైడ్‌కి మొదటి వారంలోనే చెప్పేయండి, చాలామంది ఒప్పుకుంటారు, దాచిపెట్టి రోజుకో సాకు చెబితేనే చిరాకు పడతారు. కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీ మొదట్లో చేయాల్సిన క్లాసులు) మాత్రం కనీసం 12 క్రెడిట్లు, దానికి హాజరు తప్పదు, కాబట్టి ఆ కొన్ని నెలలు ఎలాగైనా అక్కడే ఉండే ఏర్పాటు చూసుకోండి. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) ఉండి హాస్టల్ దొరక్కపోతే హెచ్‌ఆర్‌ఏకి, అంటే ఇంటి అద్దె భత్యానికి, అప్లై చేయండి, గది అద్దెకు పనికొస్తుంది. ఇంకోటి, 2022 యూజీసీ నిబంధనల్లో మహిళలకు మామూలు గడువు మీద రెండేళ్ల సడలింపు ఉంది, మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ లీవ్ 240 రోజుల దాకా ఉంది. పాప ఉన్నప్పుడు ఇవి అడిగి తీసుకోవడానికి మొహమాటపడకండి.

పాప గురించి మీ భయం నాకు తెలుసు. మొదటి మంగళవారం రాత్రి మావాడు వీడియో కాల్‌లో ఏడుస్తూనే నిద్రపోయాడు, నేను తెల్లారేదాకా నిద్రపోలేదు. మూడో వారం వాళ్ల నానమ్మ క్యాలెండర్ మీద గురువారాలకు పసుపు బొట్టు పెట్టింది. అప్పటి నుంచి ఫోన్ చేస్తే "అమ్మా, బొట్టు రేపేనా?" అని అడిగి, మళ్లీ ఆటకి వెళ్లిపోయేవాడు.