ట్రంకు పెట్టెలో ఉత్తరాలు: అమ్మడికి పెద్దనాన్న జాబు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

నిన్న రాత్రి నీ ఫోను వచ్చినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. బరంపురంలో మీ అత్తవారి పాత ఇల్లు పడగొట్టించే ముందు అటక మీది ట్రంకు పెట్టె దించారనీ, దాని నిండా మీ మావగారి తాతగారికి వచ్చిన ఉత్తరాలేననీ, రాజుల దానాలు చెక్కిన రాగిరేకుల గురించి, పాత నాణేల గురించి ఎవరెవరో పండితులు రాశారనీ చెప్పావు. ఎంత సంతోషం వేసిందో! చివర్లో ఒక మాట అన్నావు చూడు, "ముఖ్యమైనవి ఏరి, మిగతావి పాత కాగితాలవాడికి ఇచ్చేద్దామంటున్నారు" అని. దాంతో నాకు టెన్షన్ పట్టుకుంది. ఒక్క కాగితం కూడా ఏరొద్దు తల్లీ. మీ ఆయనకు కూడా ఈ జాబు చూపించు.

ఎందుకంటున్నానో చెబుతాను. నలభై ఏళ్ళ కిందట మా స్నేహితుడి ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి చూశాను. అందులో ఒక కార్డు మీద పదకొండు పంక్తులు. తొమ్మిది పంక్తులు కూతురి జ్వరం గురించి, వైద్యుడు చెప్పిన పథ్యం గురించి. కిందికి వచ్చేసరికి చోటు చాలక, అంచు పక్కన నిలువుగా రెండు పంక్తులు ఇరికించి రాశాడు: రేకులు కంసాలి కొలిమిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాయనీ, ఆ రేకులున్న కుండ దొరికింది చెరువు గట్టు కింద ఫలానా వారి మడిలోననీ, రేకులను గుచ్చిన ఉంగరం ముద్ర మీద నంది ఉందనీ. ఆ రేకులు తర్వాత ఎన్ని చేతులు మారాయో ఎవరికి తెలుసు. దొరికిన మడి పేరు ఆ జ్వరం కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. పై పైన చూసి ఏరితే మొట్టమొదట బయటికి పోయేది అదే.

ఆ పెట్టె దగ్గరే నేనొక తప్పు చేశాను. నువ్వు చెయ్యకూడదని చెబుతున్నాను. తెలుగువి ఒక కట్ట, ఒడియావి ఒక కట్ట, ఇంగ్లీషువి ఒక కట్ట అని భాషను బట్టి విడదీశాను. చాలా పద్ధతిగా చేశాననుకున్నాను. తీరా చదవడం మొదలుపెడితే, "ఇందుతో జతపరచిన నకలు చూడగలరు" అని తెలుగు ఉత్తరంలో ఉంటుంది, ఆ నకలేమో ఒడియా కట్టలో ఎక్కడో ఉంటుంది. రెండు చలికాలాలు కూర్చుని జత కలిపాను. ఐదు నకళ్ళు ఏ ఉత్తరంతో వచ్చినవో ఈనాటికీ తేలలేదు. మీ మావగారి తాతగారు ఏ వరసలో పెట్టుకున్నారో ఆ వరసలోనే ఉంచు. కవరూ ఉత్తరమూ వేరు చెయ్యకు. తాడు విప్పే ముందు కట్టను నాలుగు వైపుల నుంచీ ఫోటో తియ్యి. ప్రతి కాగితం వెనక మూల మీద మెత్తటి పెన్సిలుతో నంబరు వెయ్యి, పెన్ను వద్దు. పాత గుండుసూదులు తుప్పు పట్టి కాగితాన్ని కరుచుకుని ఉంటాయి. వాటిని లాగితే చిరుగుతుంది. బలవంతం చెయ్యక, అలాగే వదిలెయ్యి.

సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్, ఈ మూడూ నీ గడప తొక్కకూడదు. ఎండలో పరచొద్దు, ఫ్యాను గాలికి నీడలో చాలు. ఆ రోజుల్లో కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి చేసిన సిరా వాడేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది గోధుమ రంగుకు తిరిగి అక్షరం వెంబడే కాగితాన్ని తినేస్తుంది. అలాంటి కాగితాన్ని మడత మీద మళ్ళీ మడవకు. దీపం మసితో చేసిన సిరా నల్లగానే ఉంటుంది గానీ నీటి చుక్క పడితే కరుగుతుంది. శాసనం నకళ్ళు ఉంటే మరీ జాగ్రత్త. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్ది తీసేవి అవి. మడతలు పోవాలని ఇస్త్రీ చేసినా, తడి చేసినా అక్షరాలు దక్కవు. మీ గంజాం జిల్లాలోనే ఉన్న జౌగడ అశోక శాసనానికి మద్రాసు సర్కారు ఉద్యోగి వాల్టర్ ఇలియట్ 1850లోనే నకలు తీశాడు. అక్కడివాళ్ళకు ఈ పని కొత్త కాదు, మీ పెట్టెలో అలాంటివి తప్పకుండా వెతుకు. ఒకవేళ రాగిరేకే బయటపడితే దయచేసి చింతపండు పెట్టి తోమనివ్వకు.

ఇక తేదీల సంగతి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

"దుర్ముఖి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి" అని ఉందనుకో. దుర్ముఖి అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1836, 1896, 1956. ఏదని తేల్చాలంటే కవరు చూడాలి. మన దేశమంతటికీ తపాలా బిళ్ళలు వచ్చింది 1854లో, కార్డు వచ్చింది 1879లో. బిళ్ళ అంటించి ఉంటే 1836 కానే కాదు. బిళ్ళ మీద విక్టోరియా రాణి ఉంటే 1896 దుర్ముఖే. అక్కడితో అయిపోలేదు. దుర్ముఖి ఉగాది 1896లో వచ్చింది, మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. కాబట్టి ఆ ఉత్తరం రాసింది 1897 మొదట్లో. ఈ ఒక్క ఏడాది తేడాతో జవాబు ముందూ ప్రశ్న వెనకా అయిన ఉత్తరాలు ఎన్నో చూశాను. అందుకే బిళ్ళల కోసం ఎవరైనా కవర్లు కత్తిరిస్తానంటే ఒప్పుకోకు, పక్కింటి పిల్లాడు ముద్దుగా అడిగినా సరే.

మన వైపు ఇంకో చిక్కుంది. ఒడియా కాగితాల మీద అంకం వేస్తారు, పూరీ గజపతి పాలన సంవత్సరాల లెక్క. భాద్రపద శుద్ధ ద్వాదశికి, సునియా రోజున, అంకం మారుతుంది. ఈ లెక్కలో 1 ఉండదు. 6తో ముగిసేవి ఉండవు. 10 ఉంటుంది గానీ ఆ తర్వాత సున్నాతో ముగిసేవి ఉండవు. 17వ అంకం అని కనిపిస్తే 1, 6, 16 తీసేసి లెక్కపెట్టు, అది పాలనలో 14వ ఏడు. మీ వీధిలో పెద్దవాళ్ళైన కరణాల ఇళ్ళుంటే వెళ్ళి అడుగు, కరణి రాత (కరణాలు రాసే పాత ఒడియా గొలుసు రాత) చదవగలిగినవాళ్ళు కూడా అక్కడే దొరకాలి.

ఉత్తరం లోపలి మాటలు కూడా తేదీని పట్టిస్తాయి. "నకళ్ళు కిమిడి రైలు మీద నౌపడకు పంపించాను" అని ఉంటే అది 1900కు ముందుది కాదు, మా చిన్న రైలు నడిచింది అప్పటి నుంచే. చిరునామాలో "చికాకోల్, గంజాం జిల్లా" అని చూసి తికమక పడకు. మన శ్రీకాకుళమే అది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడి జిల్లాలు చీలేదాకా అదంతా గంజామే, అంతా మద్రాసు కిందే. కాబట్టి ఆ కాలం సర్కారు కాగితాలు కావాలంటే భువనేశ్వర్ ఒక్కటే వెతికితే చాలదు, చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్ కూడా చూడాలి.

చదవడం నెమ్మది మీద వస్తుంది. గొలుసుకట్టు రాతలో మాటకూ మాటకూ ఎడం ఉండదు, కలం ఎత్తకుండా రాసుకుంటూ పోతారు. ముందు ఒక్క మనిషి చేతిరాతే పట్టుకుని పది ఉత్తరాలు చదువు. మొదట్లో "ఉభయకుశలోపరి" లాంటి మామూలు మాటలు ఉంటాయి కదా, వాటితో ఆ మనిషి "క" ఎలా రాస్తాడో, "త" ఎలా రాస్తాడో పోల్చుకో. ఇంగ్లీషు చిరునామాల్లో పేరుకు ముందు ఎం.ఆర్.ఆర్.వై. అని ఉంటుంది. మా కుర్రాడొకడు అది ఇంటిపేరనుకుని పట్టికంతా రాసేశాడు. అది మహారాజరాజశ్రీ. అర్థం కాని మాట దగ్గర చుక్కలు పెట్టి ముందుకు వెళ్ళు, ఊహించి పూరించకు.

ఇవన్నీ ఆయనకు వచ్చినవి. ఆయన రాసినవి ఎదుటివాళ్ళ దగ్గర ఉండిపోయి ఉంటాయి. ఆ సగం కోసం కూడా చూడాలి. ఎవరెవరు రాశారో పట్టిక వేసి, ఒక్కొక్కరి కాగితాలు ఎక్కడ చేరాయో వెతుకు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకుని, నడగాం రాగిరేకులను, దీర్ఘాసి శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రిక 4వ సంపుటంలో ప్రకటించారు. ఆ సంపుటాలు ఇప్పుడు ఉచితంగా చదువుకోవచ్చు. మీ ఉత్తరాల్లో ఏ ఊరి రేకుల మాట వచ్చినా, వాటి మీద వ్యాసం ఉందేమో చూసి మొదటి పేరా చదువు. రేకులు ఎవరి ద్వారా చేతికి వచ్చాయో మామూలుగా అక్కడే చెబుతారు. ఉత్తరంలో ఉన్న పేరు వ్యాసంలో లేకపోతే ఎర్ర పెన్సిలుతో నీ నోటు పుస్తకంలో గుర్తు పెట్టు, ఉత్తరం మీద కాదు.

ఆ గుర్తు ఎందుకంటే, పని ఒకరిది, పేరు ఒకరిది అయిపోవడం ఈ రంగంలో చాలా జరిగింది. సర్వే అధికారి కాలిన్ మెకంజీ దొర సేకరణ అని అందరం అంటాం. ఊరూరా తిరిగి కైఫీయతులు (ఊళ్ళ చరిత్ర రాతలు), శాసనాలు కూడబెట్టింది ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. ఈ దేశ విద్యలోకి తనకు తలుపు తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ స్వయంగా 1817లో తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాశాడు. ఆ మాట దక్కింది ఒక ఉత్తరంలో. 1821లో మెకంజీ పోయాక ఆ పని తనను కొనసాగించనివ్వమని లక్ష్మయ్య అడిగితే ఇవ్వలేదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. మీ మావగారి తాతగారి పేరు ఏ వ్యాసంలోనూ లేకపోవచ్చు. ఆ పెట్టెలో మాత్రం ఉంది.

కొనుక్కుంటామని ఎవరైనా వస్తే తొందరపడొద్దు. 75 ఏళ్ళు దాటిన, చరిత్రకు పనికొచ్చే రాతప్రతులకూ కాగితాలకూ 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, వాటిని దేశం దాటించడం నేరం. ఎక్కడికైనా ఇవ్వాలనుకుంటే పెట్టె మొత్తం ఒకచోటికే ఇవ్వండి, మీ నంబర్ల పట్టిక జతచేసి రసీదు తీసుకోండి. అది తర్వాత మాట.

ఇప్పటికి పెట్టెను గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా బల్ల మీద పెట్టించు. లోపల చెదలు ఉంటే చేతికి మట్టి తగులుతుంది, అదొక్కటి ఇవాళే చూడు. సంక్రాంతి వెళ్ళాక నేను బస్సెక్కి వస్తాను. పైన ఎర్ర తాడుతో కట్టినది ఒకటి ఉందన్నావు కదా, దాని ముడి విప్పకుండా ఉంచు. ఇద్దరం కూర్చుని విప్పుదాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న