నవంబరులో పీకిన ఎర్ర ఉల్లి సంక్రాంతికే మొలకలెత్తింది, ఎందుకు?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోడుమూరు దగ్గర పల్లె. పక్క చేను రైతు ఆగస్టులో నాటుకోగా మిగిలిన ఉల్లి నారు ఇస్తే పెరట్లో అర సెంటు జాగాలో నాటాను. గిన్నెలు తోమిన నీళ్లు ఆ మడికే పారతాయి. గడ్డ బాగా ఊరాలని అక్టోబరు చివర్లో యూరియా కూడా చల్లాను. నవంబరు నెలాఖరుకి 35 కిలోల దాకా వచ్చాయి. గోనెసంచిలో పోసి వంటింటి మూల, బంగాళాదుంపల పక్కన పెట్టాను. సంక్రాంతి నాటికి సగం మొలకలొచ్చాయి. కొన్ని మెడ దగ్గర మెత్తబడి కుళ్లాయి, కొన్నిటి మీద నల్లటి పొడి. ఏడాదంతా నిల్వ ఉండాలంటే ఏం చేయాలి? మా అబ్బాయి అమెరికా నుంచి ఎర్ర ఉల్లి విత్తనాల ప్యాకెట్ పంపుతానంటున్నాడు, వేయొచ్చా?

జవాబు: అమ్మా, పండించడంలో మీరు పెద్దగా తప్పు చేయలేదు. అర సెంటుకి 35 కిలోలంటే ఖరీఫ్‌లో మంచి దిగుబడే. నిల్వకు పనికిరాని ఉల్లిని నిల్వ పెట్టారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మీ చుట్టుపక్కల రైతులనే చూడండి. ఖరీఫ్ ఉల్లి పీకీ పీకగానే కోసి, సంచులకెత్తి కర్నూలు మార్కెట్‌కి తోలేస్తారు. ధర పడిపోయిందని తెలిసినా ఇంట్లో పెట్టుకోరు. ఆ గడ్డలో నీరెక్కువ, పొరలు పలచన, మెడ లావు. పైగా నేల తడిగా, గాలి తేమగా ఉండగా పీకుతాం, సరిగా ఆరదు. ఆ వెంటనే డిసెంబరు, జనవరి చలి వస్తుంది. 10 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో ఉల్లి తొందరగా మొలకెత్తుతుంది. కావాలంటే ఇప్పుడు మీ దగ్గర పైకి బాగానే ఉన్న గడ్డనొకదాన్ని నిలువునా కోయండి. మధ్యలో పచ్చటి సన్నని మొగ్గ మెడ వైపు లేచి కనిపిస్తుంది. బయటికి మొలక రాకపోయినా దాని పని మొదలైపోయిందన్నమాట.

మీరు చల్లిన యూరియా దీనికి తోడైంది. నాటిన 45 రోజుల తర్వాత నత్రజని పడితే గడ్డ ఊరడం మాట అటుంచి, ఆకు మళ్లీ చిగురు పట్టి మెడ మూసుకోదు. కుళ్లు తెచ్చే శిలీంధ్రానికి అదే తలుపు. గిన్నెలు తోమిన నీళ్లు చివరిదాకా పారడం ఇంకో దెబ్బ. పీకడానికి 10, 15 రోజుల ముందే తడి ఆపేయాలి. పొలంలో అయితే మోటారు ఆపితే చాలు, పెరట్లో ఈ వాడకం నీళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. వచ్చేసారి మడిని అక్కడి నుంచి జరపండి, లేదా ఆ పక్షం రోజులు నీళ్లు అటు పోకుండా చిన్న గట్టు వేయండి.

నల్లటి పొడి ఒక బూజు. పై ఎండు పొర మీదే ఉంటే ఆ పొర, దాని కింది పొర తీసేసి కడిగి వాడుకోవచ్చు. లోపలికి దిగి గడ్డ మెత్తబడి ఉంటే పారేయండి.

నిల్వకు యాసంగి (రబీ) ఉల్లి వేసుకోవాలి. ఈ ఏడాదికి అదను దాటిపోయింది. వచ్చే అక్టోబరు చివరి నుంచి నవంబరు సగం లోపు నారు పోయండి. భీమా కిరణ్, భీమా శక్తి, అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్కా నికేతన్, వీటిలో ఏది దొరికినా సరే. నాకైతే నిల్వకి భీమా కిరణ్ మీద గురి ఎక్కువ, అది మహారాష్ట్ర రాజగురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ ఇచ్చిన రకం. అర సెంటుకి 10, 15 గ్రాముల విత్తనం చాలు. ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి, ఉల్లి విత్తనం ఏడాది దాటితే మొలక పడిపోతుంది. మిగిలింది దాచి మరుసటి ఏడు పోస్తే పావు వంతు కూడా రాక రైతులు మాకు ఫోన్ చేయడం మామూలే.

అమెరికా ప్యాకెట్ వద్దు. అనుమతి పత్రం లేకుండా విదేశీ విత్తనం మన దేశంలోకి తేకూడదు, అది ఒక సంగతి. రెండోది, ఉల్లి గడ్డ కట్టేది పగటి పొడవును బట్టి. మన రకాలకు 11, 12 గంటల పగలు సరిపోతుంది. అమెరికా ఉత్తరాది రకాలకు 14 గంటలు దాటాలి. మీ ఊళ్లో నడివేసవిలో కూడా పగలు 13 గంటలకు అటూ ఇటూనే. ఎంత ఎరువేసినా ఆకు పెరుగుతూనే ఉంటుంది, గడ్డ మాత్రం కట్టదు.

నారు 45 రోజులకి పెన్సిలంత లావు అవుతుంది. డిసెంబరులో ఆకు కొసలు మూడో వంతు కత్తిరించి, వరుసల మధ్య 15 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉండేలా పైపైనే నాటండి. లోతుగా దిగితే గడ్డ పొడుగ్గా సాగుతుంది. దుక్కిలో 50 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 200 గ్రాముల పొటాష్ వేయండి. సూపర్ ఫాస్ఫేట్‌లోని గంధకం ఉల్లికి ఘాటునూ, నిల్వ గుణాన్నీ ఇస్తుంది, అందుకే డీఏపీ బదులు దీన్నే చెబుతున్నా. యూరియా నాటేటప్పుడు 200 గ్రాములు, 30వ రోజు 200, 45వ రోజు 200. అక్కడితో డబ్బా మూసేయండి. తామర పురుగులు ఆకు మీద తెల్లటి చారలు పెడితే వేపనూనె పిచికారీ చేయండి, ఇంటి మడికి అది చాలు.

పీకే రోజు కంటితోనే తెలుస్తుంది. సగం మొక్కల ఆకులు పచ్చగా ఉండగానే మెడ దగ్గర వంగి నేల మీద వాలతాయి. మార్చి చివర, ఏప్రిల్‌లో అవుతుంది. ఒక గడ్డ మెడని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కి చూడండి. ఖాళీగా, సన్నగా అణిగిపోతే సరే. లోపల గట్టిగా కాడ తగిలితే అది పూత కాడ వేసిన గడ్డ, నిల్వకు రాదు. పీకాక మూడు రోజులు మడిలోనే, ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డల్ని కప్పేలా పరచండి. మన ఏప్రిల్ ఎండ నేరుగా తగిలితే గడ్డ ఒక పక్క ఉడికినట్టు మెత్తబడుతుంది. తర్వాత అంగుళం మెడ వదిలి ఆకు కోసి, వసారాలో నీడన 10, 12 రోజులు ఆరనివ్వండి. మెడ మరీ పొట్టిగా కోయకండి. చేత్తో కదిపితే పై పొర గలగలమనాలి.

నిల్వకి ఖర్చేమీ అక్కర్లేదు. ఇంట్లో పాత నులక మంచం ఉంటే అదే బంగారం. గాలాడే వసారాలో వేసి అడుగు ఎత్తు మించకుండా పరచండి, కింద నుంచీ గాలి తగులుతుంది. లేదంటే వల సంచుల్లో కట్టి దూలానికి వేలాడదీయండి. వంటింటి ఆవిరి, బంగాళాదుంపల తేమ, వాన జల్లు తగలకూడదు. ఫ్రిజ్ వద్దు. కవల గడ్డలు, మెడ లావువి, దెబ్బ తగిలినవి మొదటి నెలలోనే వండేయండి. మధ్య సైజు గట్టి గడ్డల్ని చివరికి ఉంచండి. వారానికోసారి వంగి వాసన చూడండి. కుళ్లు వాసన ముందొస్తుంది, గడ్డ తర్వాత కనిపిస్తుంది.

ఇలా చేస్తే వినాయక చవితి దాకా ఢోకా లేదు. ఏడాదంతా అంటే మాత్రం ఇంట్లో కుదరదమ్మా. అక్కడి నుంచి అప్పటికి తయారయ్యే ఖరీఫ్ గడ్డని పీకినవి పీకినట్టు వాడుకోండి. ఇప్పుడు మొలకెత్తినవాటిలో కుళ్లనివి పారేయకుండా తొట్టిలో సగం లోతు పాతండి, మూడు వారాల్లో ఉల్లికాడలు కోసుకోవచ్చు. పూత కాడ వస్తే మాత్రం తుంచేయండి. ఆ విత్తనం దాచిపెడితే ఇదే ఖరీఫ్ ఉల్లి మళ్లీ మీ మడిలోకి వస్తుంది.